అప్పలసూరి చేసిన ఇంజను పూజ

మా వైపు డీజిలు ఇంజను ఆగిపోతే రైతు ముందు అప్పలసూరికి చెప్తాడు, తర్వాత దేవుడికి చెప్తాడు. దేవుడికి చెప్పే పని కూడా అప్పలసూరే చేసిపెడతాడు కనుక రెండు చోట్లకు తిరగనక్కర్లేదు.

శ్రీముఖలింగం వెళ్లే రోడ్డు మీద, మా ఊరి మలుపులో అతని రేకుల షెడ్డు ఉంది. గోడ నిండా స్పానర్లు తగిలించుకోవడానికి మేకులు కొట్టించాడు. ఆ మేకులకు దేవుళ్ల పటాలు వేలాడుతుంటాయి, స్పానర్లు నేల మీద దొర్లుతుంటాయి. చిన్నతనంలో అరసవల్లిలో ఆటోల షెడ్డులో పని నేర్చుకున్నాడు. సూర్యనారాయణస్వామి గుడి నీడన పెరిగినవాడిని కనుక ఇంజను లోపల మండే మంట సంగతి తనకు తెలిసినట్టు కంపెనీవాడికి కూడా తెలియదంటాడు. ఆదివారం ఉప్పు తినడు, ఇనుము ముట్టడు. శనివారం సాయంత్రం ఇంజను ఆగినవాడు సోమవారం దాకా మబ్బుల వైపు చూసుకోవాల్సిందే.

పని రానివాడని అంటే మాత్రం అబద్ధమవుతుంది. ఎడమ చెవి మోతలకు ఎప్పుడో పోయింది. కుడి చెవి ఇంజను దగ్గర పెట్టి విని జబ్బు చెప్తాడు. చాలాసార్లు చెప్పిందే నిజమవుతుంది. నిజం కానప్పుడు లోపం ఇంజను వదిలిపెట్టి ఇంజను గలవాడి మీదకు వెళ్తుంది. ఒకాయన గ్రహణం నాడు డీజిలు కొన్నాడట. ఇంకొకాయన అత్తవారి మీద అలిగిన నోటితో ఇంజను దగ్గర తిట్లు తిట్టాడట. లక్ష్మణమ్మ గారి పిండిమర ఆగిపోతే, మర ఎదురుగా వాళ్లు మునగచెట్టు నాటడమే కారణమని తేల్చాడు. పాపం ఆవిడ చెట్టు కొట్టించింది. మర తిరగలేదు గానీ ఆ ఏడు మునగకాయలు లేకుండా పోయాయి.

ఇతనూ మా ఇంటాయనా బావా బావా అని పిలుచుకునేవారు. ఆ వరసన నేనతనికి చెల్లిని. మాఘమాసంలో మా ఇంటాయన పోయినప్పుడు పాడె పట్టిన నలుగురిలో అతనొకడు. అది నేను మరిచిపోలేదు. అందుకే ఈ కథలో అతని గురించి ఉన్నదానికంటే ఎక్కువ చెప్పను. ఉన్నదే చాలినంత ఉంది.

మాకు నూతి కింద ఎకరన్నర మడి ఉంది. కర్మలు అయిన దగ్గర్నుంచి మా మరిది చినబాబు ఆ మడి కౌలుకు ఇమ్మంటున్నాడు. ఇంటికి గింజలు కొలుస్తాను, నువ్వు అరుగు మీద కూర్చో వదినా, అంటాడు. ఈ పంట నేనే చేస్తానన్నాను. మా ఇంటాయనకు నడుము పట్టేసిన రెండేళ్లూ ఇంజను హేండిలు తిప్పింది నేనే. ఆ సంగతి చినబాబుకు తెలుసు గానీ తెలిసినట్టు ఉండడు. ఊరి పెద్దల ముందు నా చేత ఒక మాట అనిపించాడు. ఉభాలకు, అంటే నాట్లకు, నీళ్లు పెట్టుకోగలిగితే మడి నాది, నాట్లు పడకపోతే కౌలుకు అతనిది. ఒకసారి అతని చేతికి వెళ్లిన మడి మళ్లీ నా చేతికి రాదని నాకూ తెలుసు, పెద్దలకూ తెలుసు. పెద్దలు తల ఊపారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆకుమడిలో నారు ఎదిగి కూర్చుంది. మాఘం నుంచి ముట్టుకోని ఇంజను తిప్పితే తెల్లటి పొగ కక్కి ఆగింది. అప్పలసూరికి కబురు పెట్టాను.

వచ్చాడు, విన్నాడు, రింగులు పోయాయన్నాడు. నూతి గట్టు మీదనే విప్పి కొత్త రింగులు వేశాడు. మధ్యాహ్నానికి పని దాదాపు అయిపోయింది, పైమూత ఒక్కటే బిగించాలి. అప్పుడు స్పానరు కింద పెట్టి పూజ పళ్లెం తెమ్మన్నాడు.

ఇంజను పూజ అందరూ చేస్తారు. అన్నీ బిగించాక పైన పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొడతారు. అప్పలసూరి పద్ధతి వేరు. మూత వేసేశాక పూజ చేస్తే దేవుడు బయటే నిలబడిపోతాడని అతని లెక్క. గుండె తెరిచి ఉన్నప్పుడే చెయ్యాలి. మామూలుగా ఒక బొట్టూ ఒక పువ్వూ పెట్టి తుడిచేసి మూత బిగిస్తాడు. మా ఇంట్లో చావు జరిగింది, ఏడాది తిరగలేదు కనుక మా ఇంజనుకు పెద్ద పూజ కావాలన్నాడు. నేను పళ్లెంలో పసుపు, కుంకుమ, నెయ్యి కలిపిన అక్షింతలు, గంపెడు బంతిపూలు సర్ది తెచ్చాను. పళ్లెం అందుకుని, నన్ను చూడకుండా అన్నాడు.

"సెల్లీ, నువ్వు ఆ తాటిచెట్టు కాడికి ఎల్లి నిలబడు. ధనలక్ష్మిని పంపు. ముత్తయిదువ సెయ్యి పడాల."

ధనలక్ష్మి చినబాబు పెళ్లాం, నా తోడికోడలు. తను ఏనాడూ నూతి గట్టు ఎక్కింది కాదు, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. నేను తాటిచెట్టు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. పూజకు పనికిరాని మనిషికి చూడడం తప్ప ఇంకో పని ఉండదు. కనుక బాగా చూశాను.

అప్పలసూరి కళ్లు మూసుకుని ఏవేవో చదివాడు. ధనలక్ష్మి పూల రేకులు తుంచి తుంచి ఇంజను తెరిచిన చోట వేసింది. అక్షింతలు చల్లింది. ఇంకా ఇంకా అంటూ అతను చెయ్యి ఊపాడు. మైల గట్టిగా ఉంది కాబోలు, చివరికి పళ్లెం తీసుకుని తనే ఒంపేశాడు. ఇంతలో అతని జేబులో ఫోను మోగింది. కుడి చెవికి పెట్టుకుని, భుజంతో నొక్కి పట్టుకుని, నౌపడ వాళ్ల పంపు గురించి అరుస్తూ, పైన కనిపించిన పువ్వులు చేత్తో ఊడ్చి, మూత బిగించేశాడు. లోపలికి దిగినవాటి సంగతి దేవుడు చూసుకోవాలి.

ఇంజను వెంటనే అందుకుంది. నీళ్లు పడ్డాయి. అందరూ దణ్ణం పెట్టారు. ఆకుమడి తడిసే లోపే ఆపేసి, రింగులు సర్దుకోవాలి, రేపట్నుంచి ఎంతసేపైనా తిప్పుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్లి హేండిలు తిప్పాను. మా ఇంటాయన చెయ్యి జారకుండా ఆ హేండిలుకు పాత తువ్వాలు ముక్క చుట్టి కట్టాడు. అది ఇంకా ఉంది. ఇంజను ఆడింది. నీళ్లు కాలవ మొదటి మలుపు దాటాయో లేదో, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడయింది. డీజిలు ఆపేలోగా ఒక్క అరుపు అరిచి పట్టేసింది. మళ్లీ హేండిలు వేస్తే కదలలేదు. గోడను తిప్పినట్టుంది.

కబురు నాకంటే ముందు ఊళ్లోకి వెళ్లింది. అప్పలసూరి వచ్చేసరికి చినబాబు, ధనలక్ష్మి, మరో పదిమంది నూతి గట్టున ఉన్నారు. అతను ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు, వేడికి వెనక్కి తీసుకున్నాడు. ఎవరు తిప్పారని అడిగాడు. నేనేనన్నాను. అతని మొహం తేలికపడింది. జబ్బు దొరికింది.

"నాను ఏటి సెప్పినాను? ముత్తయిదువ సెయ్యి పడాలన్నాను కదా. ఏడాది తిరక్కుండా నువ్వు తొలి హేండిలు ఏస్తే ఇనుము మాత్రం ఓర్సుకుంటాదా సెల్లీ? నాను సేసిందంతా బూడిదైపోనాది."

పదిమందీ నా చేతుల వైపు చూశారు. నేను కూడా చూసుకున్నాను. డీజిలు మరకలు తప్ప ఏమీ కనిపించలేదు. చినబాబు జాలిగా గొంతు తగ్గించి, జరిగిందేదో జరిగిపోయింది, సాయంత్రం పెద్దల దగ్గర కౌలు మాట తేల్చేసుకుందామన్నాడు. ట్రాక్టరు తెప్పిస్తే ఇంజను షెడ్డుకు తీసుకెళ్లి, అక్కడ నిదానంగా విప్పుతానని అప్పలసూరి అన్నాడు. నిదానంగా అన్నమాట నాకు నచ్చలేదు. షెడ్డులో విప్పితే లోపల ఏముందో అతనికీ ఆ పటాల్లోని దేవుళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు.

నేను ఇంజను పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను.

"అన్నయ్యా, ఇక్కడే ఇప్పు," అన్నాను. "కట్టినది ఇక్కడే, పూజ సేసినది ఇక్కడే. పాడయింది నా సేతి వల్లయితే లోపల నా సేతి గురుతు ఉంటాది కదా. అందరూ సూస్తారు."

ఎండ ఎక్కువగా ఉందన్నాడు. సామాను తేలేదన్నాడు. సామాను సంచీ అతని భుజానే ఉంది. రాహుకాలం అనబోయాడు గానీ, గుంపులో ఒక ముసలాయన అది ఎప్పుడో దాటిపోయిందని చెప్పాడు. ఇక విప్పక తప్పలేదు.

కింద ఆయిలు తొట్టి విప్పి బోర్లించాడు. నల్లటి నూనె గట్టు మీద పారింది. నూనె వెంట ఒకటీ ఒకటీ జారి వచ్చాయి పసుపు బియ్యపు గింజలు. తర్వాత బంతి రేకులు, నూనెలో ఉడికి ముద్దకట్టినవి. ఆయిలు పీల్చే గొట్టానికి అడుగున చిన్న జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ నిండా పసుపుముద్ద, రేకులు, గింజలు, పచ్చడి నూరినట్టు. ఆయిలు చుక్క పైకి ఎక్కలేదు. బేరింగులు మాడి నీలం తిరిగాయి.

ధనలక్ష్మి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఒక గింజ చేతిలోకి తీసుకున్నాను.

"ఈ అక్షింతలు ఎవరి సేతివి అన్నయ్యా? నాను తాటిసెట్టు కాడ ఉన్నాను కదా."

అప్పలసూరి కుడి చెవి కూడా ఆ క్షణాన పనిచేయడం మానేసింది. నూనె తుడుచుకున్నాడు, ఆకాశం చూశాడు. చివరికి స్వామి లోపలికి పూర్తిగా దిగాడనడానికి ఇదే నిదర్శనమన్నాడు. స్వామి కిందికి దిగాడు గానీ ఆయిలు పైకి ఎక్కలేదు కదా అని ఆ ముసలాయనే అన్నాడు. అక్కడ మొదలైన నవ్వు గట్టు దిగి ఊళ్లోకి పోయింది. చినబాబు కూడా నవ్వాడు, తర్వాత కౌలు గుర్తొచ్చి ఆపుకున్నాడు.

నేను నవ్వలేదు. నారు ముదిరిపోతోంది. నాట్లు పడేదాకా షెడ్డులో ఉన్న అతని సొంత ఇంజను తెచ్చి నా నూతి మీద పెట్టమన్నాను. నా ఇంజను బాగుచేసే ఖర్చు అతనిదేనని పదిమంది ముందు ఒప్పుకోమన్నాను. పాడె పట్టిన చేతులు, అందుకే అంతకు మించి ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే అతని ఇంజను వచ్చింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తనే సైకిలు మీద వచ్చి హేండిలు తిప్పి వెళ్లేవాడు. ఆదివారం కూడా వచ్చాడు. ఇనుము ముట్టకూడదు కదా అని అడిగితే, హేండిలుకు తువ్వాలు చుట్టి ఉంది, అది గుడ్డ కిందికే వస్తుందన్నాడు. మా ఇంటాయన తువ్వాలు ఉన్న హేండిలే అతనికి ఇచ్చాను మరి.

ఉభాలు అయ్యాయి. నారు నిలబడింది. పెద్దలు మళ్లీ తల ఊపారు, ఈసారి నా వైపు.

శ్రీకాకుళంలో షాఫ్టు సాపు చేయించి, కొత్త బేరింగులు వేయించి, అప్పలసూరి నా ఇంజను తెచ్చి దిమ్మ మీద కూర్చోబెట్టాడు. ఈసారి ప్రతి బోల్టూ బిగించాడు, బిగించిన బోల్టు మళ్లీ బిగించాడు. అప్పుడు మూత మీద వేలితో ఒక్క బొట్టు పెట్టాడు. ధనలక్ష్మిని ఎవరూ పిలవలేదు. నేను అలవాటుగా తాటిచెట్టు వైపు కదిలాను.

"ఏటి ఎల్తన్నావు సెల్లీ? హేండిలు ఎవలు తిప్పుతారు?" అన్నాడు.

ఏడాది తిరగలేదు కదా అన్నాను. మరమ్మతు రెండోసారి జరిగితే ఆ పట్టింపు ఉండదని, అది పెద్దలు చెప్పిన మాటేనని అన్నాడు. ఏ పెద్దలని అడగలేదు. బతికినంత కాలం అతనికి పెద్దలకు కొదవ రాదు.

తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. నీళ్లు నురగతో కాలవలో పడ్డాయి. టీ కొట్లో మాత్రం ఇప్పటికీ అతను చెప్పే కథ వేరే. మా ఇంజనులో స్వామి అక్షింతల రూపంలో వెలిశాడని, తనే స్వయంగా తీసి కళ్లకు అద్దుకున్నాడని.

నా ఇంజను తిరిగిన రోజు సాయంత్రమే చినబాబు నూతి గట్టెక్కి వచ్చాడు. తన పై మడి బీటలు తీస్తోందట, ఒక్క పూట నీళ్లు మళ్లించమన్నాడు. అలాగే మళ్లిస్తానన్నాను. పొద్దున్నే ధనలక్ష్మిని పంపించు, హేండిలు తిప్పడం నేర్పుతానన్నాను. చెప్పులు ఇంట్లోనే వదిలి రమ్మన్నాను.