అత్త చేత్తో రాసిన పేరా

పొద్దున ఏడు గంటలకు ధర్మవరం నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్త పోయిందక్కా. నిద్రలోనే" అన్నాడు. మధ్యాహ్నం నేను ఊరు చేరేసరికే సంతాప సభ కరపత్రం అచ్చయిపోయింది. "భక్తిపరురాలు, క్రమశిక్షణకు మారుపేరు, ఉత్తమ ఉపాధ్యాయిని" అని వేశారు. ఆడపిల్లల హైస్కూల్లో ఆమె ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మాట నిజం. గుడి మెట్టెక్కడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఒక చిన్న మాసపత్రికలో ఆమె ఏళ్ళ తరబడి బ్రిటిష్ హారర్ సినిమాల మీద సమీక్షలు రాసింది. ఆ సంగతి కరపత్రంలో ఒక్క ముక్క లేదు. నా కోపం అక్కడ మొదలైంది. ఇంకా చల్లారలేదు.

బెంగళూరులో చదువుకునే రోజుల్లో పొద్దుటి ఆటలకు పోయి అత్త ఆ సినిమాలు మరిగింది. రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కుంది. మిట్టమధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని చూసేది. పక్కింటి మగ్గాల చప్పుడు వినబడుతూనే ఉండేది. పొగమంచూ పచ్చికా నిండిన ఆ ఊళ్ళను చూసి ఒకసారి, "ఈ దెయ్యాల ఊర్లో బావులన్నీ నిండుగా ఉండాయి మే. మనకైతే దెయ్యం దూకేదానికి కూడా నీళ్ళు లేవు" అంది. అదే మాట సమీక్షలోనూ రాసింది.

సినిమాలో కత్తెర పడిన చోటు ఆమె చెవికి తెలిసిపోయేది. "సంగీతం యాడ ఎగిరి దూకిందో చూడు, ఆడ కోసినారు" అని బొమ్మ ఆపి, నిమిషాలతో సహా రాసుకునేది. ఒకప్పుడు బ్రిటన్‌లోనే ఇలాంటి సినిమాల క్యాసెట్లను పోలీసులు ఎత్తుకుపోయారని చెప్పి నవ్వేది. సెన్సారే వద్దని ఆమె అనలేదు. "పిల్లోళ్ళకు వద్దను, తప్పులేదు. నాకు అరవై దాటినాయి. నా బదులు భయపడేదానికి వాళ్ళెవరు?" అనేది.

అచ్చయిన ఆమె చివరి సమీక్ష ఒక పాత సినిమా మీద. అందులో ఊరంతా కలిసి ఒక అమ్మాయికి దెయ్యం పట్టిందని గదిలో బంధిస్తారు. అత్త చివర ఇలా రాసింది: "మన ఊళ్ళోనూ ఒక పిల్లను ఇలాగే గదిలో పెట్టి తాళం వేశారు. ఆ పిల్లకు పట్టింది దెయ్యం కాదు, మూర్ఛ. సినిమాలో ఆ తలుపు చివరికి తెరుచుకుంది."

ఆ పిల్ల అత్త దగ్గర తొమ్మిదో తరగతి చదివింది. తాళం తీయించడానికి అత్త వాళ్ళింటికి రెండుసార్లు పోయింది. "మా ఇంటి సంగతి నీకేల టీచరమ్మా" అని రెండుసార్లూ గుమ్మంలోనే ఆపేశారు. పిల్ల మళ్ళీ బడికి రాలేదు.

సంపాదకుడు ఆ పేరా తీసేసి సమీక్ష వేశాడు. అడిగితే, "ఊరి పరువు పోతాదమ్మా" అన్నాడు. అత్త వాదన పెట్టుకోలేదు. గ్రంథాలయానికి పోయింది, తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయింది, దొరికిన ప్రతి కాపీలోనూ పేజీ అడుగున ఆ మాటలు చేత్తో రాసి వచ్చింది. ఆ తర్వాత ఆమె రాసిందేదీ ఆ పత్రిక వేయలేదు.

సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. వేదిక ఎక్కుతుంటే సభ పెట్టినాయన దగ్గరికొచ్చి, "మంచివి చెప్పమ్మా. ఆ దెయ్యాల గోల ఇప్పుడెందుకు?" అన్నాడు. నేను గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పత్రిక కాపీ తీసి, అచ్చులో ఉన్నదీ, అడుగున చేత్తో రాసిందీ కలిపి చదవసాగాను. "తాళం వేశారు" అనేసరికి మైకు ఆగిపోయింది. మిగతాది గొంతెత్తి చదివాను. వెనక వరుసలకు ఎంత వినబడిందో తెలియదు. ముందు వరుసలో కూర్చున్న సంపాదకుడికి మాత్రం వినబడింది. ఆయన తల దించుకోలేదు. గడియారం చూసుకున్నాడు.

బతికున్నప్పుడు ఒక్క పేరా కోశారు. పోయాక మనిషినే కోశారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

దినాలయిన మరునాడు మధ్యాహ్నం అత్త గది తలుపు తీశాను. పక్కింట్లో మగ్గం నేసే అవ్వ నా వెనకే వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. సినిమా నడుస్తుంటే అత్త పక్కన కూర్చుని కథ చెప్పేదట.

"మీ అత్త సగంలో నిలిపింది. మిగిలింది రేపు చూద్దామనింది. పెట్టు మే."

"చెప్పేవాళ్ళు లేరు కదవ్వా."

"నువ్వు చెప్పు."

కంప్యూటర్ పెట్టాను. తెర మీద ఎవరో ఒకామె కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగుతోంది.

"యాడికి పోతాండాది?"

"నాకూ తెలీదవ్వా."

అవ్వ చీర కొంగు పిడికిట్లో బిగించి, తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.