ఏది అరగొద్దు?

ఎల్‌బీ నగర్‌లో నా లేత్ షాపుకు ఎదురుగా ఇంకో లేత్ షాపు వెలిసింది. పెట్టినవాడు నాకంటే పదేళ్లు చిన్న, గుంటూరు వైపు మనిషి. పూజ చేసుకున్న రోజే "అన్నగారూ" అంటూ వచ్చి కొబ్బరిముక్క చేతిలో పెట్టాడు. కొబ్బరిముక్క అరిగింది గాని, మనిషి మాత్రం నాకు అరగలేదు.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులవి. నా షట్టర్ మీద జై తెలంగాణ అని నేనే పెయింటుతో రాసుకున్నాను. నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాణ్ణి, నీళ్ల గురించీ కొలువుల గురించీ నాకు నిజంగానే కడుపుమంట ఉండేది. దాని పక్కనే ఇంకో ఆశ కూడా ఉండేది. రాష్ట్రం వస్తే ఎదుటివాడు షట్టర్ దించుకుని పోతాడని. ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక రిటైరైన సారు ఉండేవాడు. రిమోట్‌తో నడిచే యుద్ధ ట్యాంకులు తయారు చేయడం ఆయన పిచ్చి. ఆటబొమ్మలనుకునేరు, ఒక్కోటి బియ్యం బస్తా అంత బరువు. చక్రాల చుట్టూ తిరిగే ప్లాస్టిక్ ట్రాకులు ఆ బరువుకు ఆగడం లేదని నా దగ్గరికి వచ్చాడు. ఇనుప లింకులు చేసి, పిన్నులతో గొలుసులా కలపాలి.

"ఎన్ని రోజులు తిప్పినా అరగొద్దు" అన్నాడు.

"మీ మనవల కాలం దాకా అరగదు సార్" అన్నాను.

నెల రోజులు అదే పని. లింకులూ పిన్నులూ అన్నీ మంచి ఉక్కుతో చేసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాను. గట్టిదనం చూడ్డానికి ఆకురాయితో రుద్దినా కొరకదు, జారిపోవాల్సిందే. సారు ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ట్యాంకు రాళ్ల గుట్ట ఎక్కింది. సగం ఎక్కాక టక్కుమని ఒక పిన్ను విరిగింది, వెంటనే ఇంకొకటి. ట్రాకు ఊడి నేల మీద పరుచుకుంది. సారు వంగి లింకులు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. వారం తర్వాత ఆయన స్కూటర్ ఎదురు షాపు ముందు ఆగింది.

అది అక్కడ ఆగి ఉన్నంతసేపూ నాకు చేతిలో పని సాగలేదు. ఆ షాపులో చేసిన ట్రాకు ఎండాకాలమంతా రాళ్ల మీద తిరిగింది. ఆ సంగతి సారే వచ్చి సంబరంగా చెప్పాడు. ఇంకా పెద్ద ట్యాంకు మొదలుపెడుతున్నానని కూడా అన్నాడు. ఆ పని నాకే రావాలి, లేకపోతే ఇన్నేళ్ల పనితనానికి అర్థమేముంది? అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. "గా ట్రాకు నీ మెడల ఏసుకున్నవా ఏంది?" అని నా భార్య ఎగతాళి చేసింది.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోకముందే ఎదురు షాపతను పెళ్లాంపిల్లలతో ఊరికి బయలుదేరాడు. తాళంచెవి తెచ్చి నాకే ఇచ్చాడు.

"గొడవలు సద్దుమణిగేదాకా కాస్త చూస్తుండండి అన్నగారూ. మీరున్నారు కాబట్టి నాకు బెంగ లేదు."

రెండు రోజులు ఆగాను. మూడో రోజు పొద్దున షట్టర్ సగం లేపి లోపలికి దూరాను. బెంచీ మీద సారు ట్రాకుదే, నాలుగు లింకుల నమూనా ఉంది. లింకు మీద ఆకురాయి పెట్టాను, జారింది. పిన్ను మీద పెట్టాను, కొరికింది. తెల్లగా గీత పడింది. పచ్చి ఇనుము! కాల్చి గట్టిపరచనే లేదు. ఆ సంతోషంలో సరూర్‌నగర్ దాకా నడిచే పోయాను.

"సార్, మిమ్మల్ని మోసం చేసిండు. పిన్నులు పచ్చివి. గవి ఎన్నో రోజులుండయి."

సారు లోపలికి పోయి ఒక అగరుబత్తుల డబ్బా తెచ్చి మూత తీశాడు. నిండా పిన్నులే.

"ఆయనే ఇచ్చిండు. అరిగినయి తీసేసి ఇవి పెట్టుకోమన్నడు. నీ పిన్నులు మరీ గట్టిగుండి ఇరిగినయి. పిన్ను మెత్తగుంటే పిన్నే అరుగుతది, లింకు బతుకుతది. అరగొద్దు అని నీకు చెప్పిన, నువ్వు సరే అన్నవ్. ఆయనకూ అదే చెప్పిన. ఏది అరగకూడదండీ అని అడిగిండు." మూత పెడుతూ, "కొత్త ట్యాంకు గూడ ఆయనకే చెప్పిన, ఏమనుకోకు" అన్నాడు.

వచ్చిన దారి తిరిగి నడవడానికి చాలాసేపు పట్టింది.

సమ్మె అయ్యాక అతను వచ్చాడు. తాళంచెవి ఇచ్చి, వెంటే లోపలికి వెళ్లాను. అతను ఆ నమూనాను వెలుగులోకి ఎత్తి, పిన్ను మీది గీతను బొటనవేలితో తడిమాడు.

"అడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నగారూ" అన్నాడు. గొంతులో కోపం లేదు. పైగా నాకు టీ తెప్పించాడు. అదే ఎక్కువ మండింది.

రాష్ట్రం వచ్చింది. అతను ఎక్కడికీ పోలేదు. ఈ మధ్య నా దగ్గరికి ఎవరు ఏ పని తెచ్చినా "ఏది అరగొద్దు?" అని ముందుగా అడుగుతాను. "ఎంత అనుభవం అన్నా, నీది!" అంటారు. ఎదురుగా అతని మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నేను తల ఊపుతాను. ఆ మాట ఎవరిదో మాత్రం చెప్పను.