ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు

మొన్న మా మనవరాలు తన నల్ల కారుకి మెరుగు పెట్టించాలని నరసరావుపేటలోని ఒక షాపుకి పోతూ, నీ పాత పనే కదా తాతయ్యా, చూద్దువుగాని రమ్మని నన్నూ ఎక్కించుకుంది. అక్కడ ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు తెల్ల చొక్కా తొడుక్కుని, చేతిలో చిన్న మిషను పట్టుకుని బానెట్టు మీద నెమ్మదిగా తిప్పుతున్నాడు. తెల్ల చొక్కా తొడుక్కుని కారుకి పాలిషు పట్టే మనిషిని నా జన్మలో చూడలేదు. అరగంట తరవాత కూడా ఆ చొక్కా మీద పొడి నలుసు లేదు, పక్కన కుర్చీలో కూర్చున్న నా ధోవతి మీదా లేదు. అడిగితే రెండు సీసాలు చూపించాడు. ఒకటి గీతల్ని త్వరగా కోస్తుందట గాని దుమ్ము లేపుతుందట, రెండోది కాస్త నిదానమట గాని దుమ్ము ఉండదట, అందుకని తాను రెండోదే వాడతానన్నాడు. అంత తేలిగ్గా చెప్పేశాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో ముక్కూ మొహం తెలియని మనిషి మీద ఈ కుళ్ళేమిటని మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి. నా కుళ్ళు ఇవాళ్టిది కాదు, దాని వయసు అరవై ఏళ్ళకి దగ్గర.

అరవైల మొదట్లో మా మామగారికి నరసరావుపేటలో కోర్టు వెనక వీధిలో కార్ల పెయింటు షెడ్డు ఉండేది. అప్పట్లో ఊళ్ళో కార్లెన్ని, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్లీడర్లవి, డాక్టర్లవి, మిల్లుల వాళ్ళవి, అన్నీ మా షెడ్డుకే వచ్చేవి. మామగారికి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయిని చేసుకుని నేను మాచర్ల నుంచి వచ్చి ఆ షెడ్డులోనే పనికి కుదిరాను. గుడ్డ చుట్టుకుని, కాంపౌండు అనే పాలిషు మందు అద్దుకుని, అరచేత్తో గుండ్రంగా రుద్దడమే మా పని. ఒక కారుకి నాలుగు రోజులు పట్టేది, సాయంత్రానికి భుజం ఉందో ఊడిందో తెలిసేది కాదు. అయినా బాగుండేది, ఎందుకంటే మామగారు పాడుతూ ఉండేవారు. ఆయన చర్చిలో పాటలెత్తే మనిషి. చరణం మొత్తం ఒకే ఊపిరిలో లాగేవారు, ఆదివారం నాడు ఆ గొంతు కోసమే ముందు బెంచీల్లో చోటు వెతుక్కునేవాళ్ళు ఉండేవారు. షెడ్డులో ఆయన పాట నడకకి మా చేతులు వాటంతటవే తిరిగేవి.

అలా అయిదేళ్ళు నేనే ఆ ఇంటికి పెద్దకొడుకులా వెలిగాను. తరవాత రెండో అమ్మాయికి దుర్గి సంబంధం చేశారు, మా తోడల్లుడు దిగాడు. అక్కడ విగ్రహాలు చెక్కేవాళ్ళ దగ్గర రాళ్ళు నునుపు చేసే పని వాళ్ళ నాన్నది, ఇతనికీ అదే పని వచ్చు. నేను మూడేళ్ళకి నేర్చుకున్నది ఆరు నెలల్లో నేర్చేశాడు. వేలి కొసతో రంగు మీద గీత తడిమి, కళ్ళు మూసుకునే లోతు చెప్పేవాడు. మా అత్తగారు అతని విస్తట్లో మీగడ పెరుగు వేసి నాకు పలచటిది వేసేదని నాకు గట్టి నమ్మకం. మా ఆవిడ మాత్రం, రెండూ ఒక్క కుండలోదే, నీ కళ్ళే పాడయినయ్యి అని తిట్టేది. నిజం చెబుతున్నాను, నేను అతని మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అతను నన్ను నోరారా అన్నా అని పిలిస్తే ఇంకా మండేది.

అలాంటి రోజుల్లో మామగారు మద్రాసు నుంచి పాలిషు పట్టే కరెంటు మిషను ఒకటి తెప్పించారు. పొత్రమంత బరువు, ముందు ఉన్ని టోపీ తొడిగిన చక్రం, ఆన్ చేస్తే వీధి వీధంతా వచ్చి నిలబడేది. దానికి సరిపడే కాంపౌండు ఏదో చూసుకోమని గుంటూరు కొట్టువాళ్ళు రెండు డబ్బాలు పంపారు. ఎర్ర డబ్బాలోది గరుకుగా, పొడిపొడిగా ఉండి గీతల్ని ఇట్టే తినేసేది. నీలం డబ్బాలోది నూనె జిడ్డుగా ఉండి, అదే పనికి రెట్టింపు సేపు తీసుకునేది. మా తోడల్లుడు రెంటినీ బొటనవేలి గోరు మీద రుద్ది చూసి, నీలందే మంచిది మామా, ఎర్రదానికి దుమ్ము చానా లేచిద్ది అన్నాడు. వాళ్ళ నాన్న రాతి దుమ్ము పీల్చి పీల్చి నలభై నిండకుండానే పోయాడు, ఆ భయం అతనిది. మామగారికి అప్పటికే పొడిదగ్గు ఉంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, అతను నీలం అన్నాడు కాబట్టి నేను ఎర్రది అన్నాను. మామగారు కాసేపు ఇద్దర్నీ చూసి, ఎవరి డబ్బా నెగ్గితే మిషను వాళ్ళ చేతికే అనేశారు. మిషను ఎవరి చేతికి పోతే రేపు షెడ్డు వాళ్ళదేనని వేరే చెప్పాలా?

మా షెడ్డులో ఎప్పుడూ దుమ్మే, అందులో ఏ దుమ్ము దేనిదో కంటికి ఆనదు. అందుకని మా తోడల్లుడు దుర్గి వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాడు. అక్కడ రాయి నునుపు చేసేటప్పుడు కాస్త ఎడంగా పళ్ళెంలో నీళ్ళు పోసి పెడతారట. నీటి మీద తెట్టు కడితే పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వరట. అత్తగారు రెండు ఇత్తడి పళ్ళేలు ఇచ్చింది. ఒక ప్లీడరుగారి నల్ల కారు బానెట్టుని చెరి సగం పంచుకున్నాం. పొద్దున నేను ఎడమ సగం చేశాను, మామగారు కూర్చునే బల్ల మీద నా పళ్ళెం పెట్టారు. పనయ్యాక దాని మీద బుట్ట బోర్లించి పక్కన పెట్టి, రెండో పళ్ళెం పెట్టి అతను కుడి సగం చేశాడు. దాని మీదా బుట్ట బోర్లించి, భోజనాలయ్యాక చూద్దామని అందరూ లోపలికి పోయారు.

నేను చేతులు కడుక్కొస్తానని ఆగాను. నా బుట్ట ఎత్తి చూస్తే నీళ్ళ మీద పాల మీద మీగడలా తెల్లటి తెట్టు. అతని పళ్ళెంలో ఎక్కడో ఒకటీ అరా నలుసు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా పళ్ళెం దొడ్లోకి పట్టుకుపోయి, బూడిదతో తోమి, బావి నీళ్ళు పోసి తెచ్చి, బుట్ట మళ్ళీ బోర్లించాను. తరవాత పోయి పప్పన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

భోజనాలయ్యాక బుట్టలు తీశారు. నా నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అతని నీళ్ళలోనే కాస్త నలుసు ఉంది. మామగారు ఆశ్చర్యపోయి, ఏందబ్బాయ్, నీ లెక్క తిరగబడిందే అని నవ్వారు. మా తోడల్లుడు నా పళ్ళెం మీదికి వంగి, అంచు మీద వేలు పెట్టి, ఆ వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు. తరవాత, అవును మామా, అన్న డబ్బానే మంచిదిలే అని లేచిపోయాడు. మిషను నా చేతికొచ్చింది. అతనికి మళ్ళీ గుడ్డా అరచెయ్యీనే.

పదకొండు నెలలు ఎర్ర డబ్బా వాడాను. మామగారు ఎప్పటిలాగే నా ఎదురుగా బల్ల మీద కూర్చుని రంగులు కలిపేవారు. మిషను మోతకి ఆయన పాడటం మానేశారని అనుకున్నాను, అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో ఆయన పాట ఎత్తారు. రెండో చరణం సగంలో ఊపిరి చాలక ఆగిపోయారు. దగ్గు తెర ఒకటి వచ్చింది, అది తగ్గితే మళ్ళీ అందుకోబోయి మళ్ళీ ఆగారు. వెనక నుంచి ఇంకెవరో అందుకుని ఆ పాట పూర్తి చేశారు. ఆయన పాటల పుస్తకం మూసి, బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నారు. నా పక్కన మా ఆవిడ ఏడుస్తోంది. నేను తల ఎత్తలేదు.

మర్నాడే ఎర్ర డబ్బా తీసుకుపోయి కాలవలో పారేశాను. కొట్టులో ఈ సరుకే నయమన్నారని అబద్ధమాడి నీలం డబ్బా తెచ్చాను, అప్పుడు కూడా నా పెద్దరికం చూసుకున్నాను చూడండి! దగ్గు కొంత తగ్గింది గాని గొంతు తిరిగి రాలేదు. మామగారు ఇంకా పన్నెండేళ్ళు బతికారు. ప్రతి ఆదివారం ముందు బెంచీలోనే కూర్చుని పెదవులు మాత్రం కదిపేవారు.

ఆయన్ని సమాధి చేసి వస్తుంటే దారిలో మా తోడల్లుడు నాతో ఆ ఒక్కసారే ఆ మాట ఎత్తాడు. "పొద్దుననగా నీళ్ళు పోసిన పళ్ళేనికి మధ్యాన్నం అంచు ఎందుకు తడిగా ఉంటదన్నా?" అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "చెప్తే ఆయనకి పెద్దల్లుడు లేకుండా పోతాడు గదా. గొంతు పోద్దని నాకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు, అని కళ్ళు తుడుచుకున్నాడు. అతని చేతిపనిని చూసి పడ్డ కుళ్ళు ఎంత, ఆ మాట విన్నాక పడ్డ కుళ్ళు ఎంత! అంత పెద్ద మనసు అతనికి ఎందుకు ఇచ్చావు, నాకు ఎందుకు ఇవ్వలేదని ఆ దారిలోనే నిలబడి దేవుణ్ణే దెప్పాను. ఇప్పుడు అతనూ లేడు.

షెడ్డు చివరికి నాకే వచ్చింది, అమ్మేసి కూడా చాలా కాలమైంది. ఇప్పుడు షాపుల్లో దుమ్ము లేదు, మోత లేదు. పని చేసే మనిషి చెవుల్లో ఏదో పెట్టుకుని పాట తనొక్కడే వింటున్నాడు, పక్కవాడికి వినపడేలా పాడేవాళ్ళు లేరు. దుమ్ము లేపని సీసా ఎంచుకోవడానికి అతను ఎవరినీ ఓడించనక్కర్లేదు, ఎవరి మాటా కాదననక్కర్లేదు. నా కుళ్ళంతా దానికే.

మొన్న ఆ మనిషిని ఒక పళ్ళెంలో నీళ్ళు అడిగాను. ఎందుకు తాతా, మాత్ర వేసుకోవాలా అంటూ స్టీలు పళ్ళెంలో తెచ్చి పెట్టాడు. కారు పని పూర్తయ్యేదాకా దాన్ని నా పక్కన బల్ల మీదే ఉంచుకుని కూర్చున్నాను. చివర్న నీళ్ళలోకి తొంగి చూశాను, ఒక్క నలుసు లేదు. అయినా నమ్మకం కుదరక, ఎవరూ చూడకుండా అంచు చుట్టూ వేలితో తడిమాను. పొడిగానే ఉంది.