ఆళ్లగడ్డలో ఆఫ్ కాని టీవీ

నంద్యాల బస్టాండు వెనక సందులో ఉన్న ప్రభుదాసు టీవీ రిపేరు షాపుకు బోర్డు లేదు. ఆయన గొంతుండగా బోర్డు దేనికని పక్కనున్న సైకిలు షాపువాళ్లు అనేవాళ్లు. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తింది మొదలు ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉండేవాడు. టీవీ మీద పూలకుండీ పెట్టి నీళ్లు పోసినవాడి మీద, స్టెబిలైజరు కొనని పిసినారి మీద, ముందు ఇంకొకడితో సగం కెలికించుకుని వచ్చినవాడి మీద. అయినా పని మాత్రం తిరుగులేనిది. వెలుగోడు నుంచి, సంజామల నుంచి కూడా సెట్లను దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చేవాళ్లు. తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చేవాళ్లు.

ఆయన పుట్టింది గడివేముల దగ్గర ఒక పల్లెలో. తల్లి జీవమ్మ పత్తి చేలల్లో కూలికి పోయేది. సాయంత్రం గట్టెక్కే ముందు కూలి ఆడవాళ్లంతా వరసగా నిలబడి ఒడి దులిపి చూపించాలి, పత్తి దాచుకోలేదని. ఏడేళ్ల ప్రభుదాసు ఒకరోజు గట్టు మీద నిలబడి ఆ తంతు చూశాడు. జీవమ్మ ఒడి దులిపింది. ఏమీ రాలలేదు. ఆసామి ఇంకోసారి దులపమన్నాడు. ఆమె ఇంకోసారి దులిపింది. తర్వాత ఎన్ని ఏళ్లు గడిచినా, దొంగ అన్న మాట ఎవరి నోట విన్నా ప్రభుదాసుకు ఒళ్లు మండిపోయేది.

మొదట రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. తొంభై నాలుగులో సొంత షాపు పెట్టాడు. ఊళ్లోకి కేబులు టీవీ వచ్చి ఇంటింటికీ రంగుల సెట్లు చేరే కాలం అది. టీవీ మెకానిక్కులందరి మీదా జనానికి ఒకటే అనుమానం, లోపలున్న అసలు సామాను పీకేసి నకిలీది వేస్తారని. ఆ అనుమానం తన దాకా రాకూడదని ప్రభుదాసు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సెట్టు తెచ్చినవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, వెనక మూత తీసి, లోపలున్న ఒక్కో భాగం మీదా ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టేవాడు. పని అయ్యాక మళ్లీ మూత తీసి ఆ చుక్కలు చూపించేవాడు. చూడకుండా పోతానంటే ఒప్పుకునేవాడు కాదు. దాదాపు పదేళ్ల పాటు ఆయన మీద ఎవరూ మాట అనలేదు, ఆళ్లగడ్డ హనుమంతయ్య అనేదాకా.

హనుమంతయ్యకు ఆళ్లగడ్డ బజార్లో పప్పులు, బెల్లం టోకు అంగడి ఉంది, సెల్లుల్లాంటి చిల్లర సామానూ అమ్ముతాడు. ముందు అంగడి, వెనక ఇల్లు. మద్రాసు నుంచి తెప్పించుకున్న పెద్ద టీవీ ఒకటి ఉంది. రెండువేల మూడు జూన్‌లో పిడుగు పడి అది కాలిపోతే ప్రభుదాసు దగ్గరికి పంపించాడు. చుక్కలు పెట్టి, బాగుచేసి, చుక్కలు చూపించి పంపించాడు ప్రభుదాసు. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత హనుమంతయ్య బావమరిది హైదరాబాదు నుంచి కొత్తరకం రిమోటు తెచ్చిచ్చాడు. పాత రిమోటును దానికి ఎదురుగా పెట్టి నొక్కితే ఆ బటన్ల కోడ్లన్నీ అది నేర్చుకుంటుంది. టీవీకీ, డీవీడీకీ ఒకటే చాలు. బావమరిదే అన్నీ నేర్పించి పోయాడు. పాత రిమోటులోని సెల్లులు తీసి కొత్తదాంట్లో వేశారు. అంగట్లో డబ్బాలకు డబ్బాలు సెల్లులు అమ్మే మనిషే అయినా, ఇంట్లోకి కొత్తవి రెండు తీయడానికి ప్రాణం ఒప్పలేదు.

మరునాటి నుంచి తంటా మొదలైంది. కొత్త రిమోటుతో టీవీ ఆన్ అవుతుంది, ఆఫ్ కాదు. ఒక్కోసారి అవుతుంది, ఎక్కువసార్లు కాదు. హనుమంతయ్య రిమోటును అనుమానించలేదు. అది బావమరిది తెచ్చింది, హైదరాబాదుది. అనుమానించడానికి నంద్యాలలో ప్రభుదాసు ఉన్నాడు. అంగడి అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ అదే చెప్పాడు. “వర్జినల్ సామాను పీకేసుకున్యాడప్పా. లేకుంటే ఆన్ అయ్యే టీవీ ఆఫ్ ఎందుకు కాదు?”

అరుగు మీద మాట ఆళ్లగడ్డలో ఆగలేదు. వారం తిరక్కుండా ఆళ్లగడ్డ వాళ్లు మూడు సెట్లు రిపేరు చేయకుండానే వెనక్కి తీసుకుపోయారు. తర్వాత నంద్యాల వాళ్లే వచ్చారు. ఒక పంతులుగారు మూతి ముడుచుకుని, మా దాంట్లో ఏమన్నా తీసినావా అని అడిగాడు. ప్రభుదాసు ఆయన్ను షాపులోంచి గెంటినంత పని చేశాడు. ఆళ్లగడ్డలో కేబులు నడిపే గురుస్వామి ఫోన్ చేసి, ఈ మాట హనుమంతయ్య అరుగు మీద పుట్టిందని చెప్పాడు. ప్రభుదాసు షట్టరు దించి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. పదేళ్లు గోళ్లరంగు పూసి కాపాడుకున్న పేరు ఒక రిమోటు దెబ్బకు బజారున పడింది. దాన్ని ఆ బజార్లోనే ఎత్తుకోవాలి.

అరుగు మీద అయిదారుగురు ఉన్నారు, గురుస్వామి కూడా ఉన్నాడు. హనుమంతయ్య కుర్చీలోంచి లేవలేదు. ఏమీ తీయలేదంటావు కదా, అమ్మవారి గుడికి వచ్చి కర్పూరం ఆర్పి ప్రమాణం చేయి, నమ్ముతాను అన్నాడు. ప్రభుదాసు ఆదివారం చర్చికి పోయే మనిషని తెలిసే అన్నాడు.

“కర్పూరం ఎందుకప్పా? టీవీనే అడుగుదాం పా,” అన్నాడు ప్రభుదాసు.

అందరూ లోపలికి నడిచారు. హనుమంతయ్య భార్య ఉమామహేశ్వరమ్మ వంటింటి గడపలో నిలబడింది. ప్రభుదాసు మొదట చేయాల్సింది రిమోటు చూడటం. కోపం మీద ఉన్నాడు కదా, స్క్రూడ్రైవరు తీసి టీవీ వెనక మూత పెరికి, టార్చిలైటు వేసి ఎర్ర చుక్కలన్నీ చూపించాడు. ఒక్కటి కూడా చెదరలేదు. గోళ్లరంగు మా ఇంట్లోనూ ఉంది, ఎవరైనా పూస్తారు అన్నాడు హనుమంతయ్య. వచ్చినవాళ్లలో ఒకడు నవ్వాడు.

మూత బిగించి, కొత్త రిమోటు తీసుకుని నొక్కాడు. టీవీ ఆన్ అయింది. మళ్లీ నొక్కాడు, ఆఫ్ కాలేదు. అయిదుసార్లు నొక్కాడు. బొమ్మ అట్లాగే ఆడుతోంది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. అప్పుడు గడపలోంచి ఉమామహేశ్వరమ్మ మెల్లగా అంది.

“సౌండు తగ్గించినాక నొక్కితే ఆఫ్ అయితాందప్పా. ఊరికే నొక్కితే కావడంలే.”

“నీకేం తెలుసమ్మా టీవీ గురించి? పోయి నీ పొయ్యి కాడ చూసుకో పో,” అని అరిచాడు ప్రభుదాసు.

హనుమంతయ్య అడ్డు రాలేదు. తన ఇంట్లో, తన భార్యను, తాను దొంగ అంటున్న మనిషి కసురుకుంటే ఊరకున్నాడంటే ఆ ఇంట్లో ఆమె మాటకు ఉన్న విలువ ఎంతో చూసుకోండి.

మాట అనేశాడు గానీ అది ప్రభుదాసు చెవిలోంచి పోలేదు. సౌండు తగ్గించి నొక్కాడు. టీవీ ఠక్కున ఆఫ్ అయింది. అప్పటికి సంగతంతా అర్థమైంది. ఆ రకం సెట్ల రిమోటు, నొక్కిన ప్రతిసారీ కోడ్‌లో ఒక చిన్న గుర్తు మారుస్తుంది. గుర్తు మారితేనే టీవీ అది కొత్త నొక్కు అనుకుంటుంది. మారకపోతే ఇందాకటి వేలే ఇంకా తీయలేదనుకుని పట్టించుకోదు. బావమరిది నేర్పించినప్పుడు కొత్త రిమోటు ఒక్క నొక్కును, ఆ ఒక్క గుర్తునే పట్టుకుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే పంపిస్తుంది. మధ్యలో సౌండు బటన్ నొక్కితే టీవీ పాత నొక్కును మరిచిపోతుంది, అప్పుడు ఆఫ్ అవుతుంది. కనిపెట్టింది ఆమె. ప్రభుదాసు ఆమె వైపు చూడలేదు.

అంగట్లోంచి సెల్లులు తెప్పించి పాత రిమోటులో వేశాడు. దాంతో టీవీ ఆన్ అయింది, ఆఫ్ కూడా అయింది. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా పెట్టి, పాతదాని పవర్ బటన్‌ను రెండుసార్లు నేర్పించాడు, మొదటి నొక్కును కొత్తదాని పవర్ బటన్‌కు, రెండో నొక్కును ఖాళీగా ఉన్న పచ్చ బటన్‌కు. పవర్ నొక్కాడు, ఆన్. పచ్చది నొక్కాడు, ఆఫ్. ఒకటి పనిచేయకుంటే రెండోది నొక్కండి, అంతే అని గర్వంగా వెనక్కి తిరిగాడు.

హనుమంతయ్య అందరి వైపూ చూశాడు. “చూస్తిరా? మనం నిలదీస్తే గానీ పీకింది తెచ్చి పెట్టలే.”

అందరూ తల ఊపారు. గురుస్వామి మాత్రం నేల చూశాడు. ఎందుకు ఊపరు? వాళ్ల కళ్ల ముందే మూత తీశాడు, లోపల చెయ్యి పెట్టాడు, మూత వేశాడు, టీవీ బాగుపడింది. గుర్తులూ కోడ్లూ వాళ్లకేం తెలుసు. ఎంత బాగా బాగుచేస్తే అంత దొంగ అయ్యాడు. గట్టు మీద నిలబడి చూసినప్పుడు ఎట్లా ఉందో ప్రభుదాసుకు ఇప్పుడూ అట్లాగే ఉంది. ఇంకోసారి దులపాలి.

నేర్పించిన పవర్ కోడ్లు రెండూ చెరిపేశాడు. రిమోట్లు రెండూ టీపాయ్ మీద పెట్టి, వీధి తలుపు దాకా పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు టీవీని గానీ రిమోటును గానీ నేను ముట్టుకోను, ఈ ఇంటివాళ్లే చేయాలి అన్నాడు. హనుమంతయ్య కదల్లేదు. మిగతావాళ్లూ కదల్లేదు. ప్రభుదాసు ఇక గడప వైపు చూడక తప్పలేదు.

“అమ్మా, నువ్వు చెయ్యి.”

ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు వద్దన్నట్టు తల ఆడించాడు. కాసేపు అట్లాగే నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి టీపాయ్ ముందు కూర్చుంది. ప్రభుదాసు తలుపు దగ్గర నుంచే చెప్పాడు, ఆమె నొక్కింది. ఒకసారి తప్పింది. మళ్లీ చేసింది. లేచి టీవీ వైపు రిమోటు పట్టి పవర్ నొక్కింది, ఆన్ అయింది. పచ్చది నొక్కింది, ఆఫ్ అయింది. ఎవరూ అడగకుండానే ఇంకా రెండుసార్లు చేసి చూసుకుంది.

తాను ఏమీ తీయలేదని హనుమంతయ్యనే అరుగు మీద చెప్పమన్నాడు ప్రభుదాసు, యాడ దొంగ అన్నావో ఆడనే చెప్పమన్నాడు. హనుమంతయ్య జేబులోంచి నోటు తీశాడు. “అయిందిగా, దుడ్లు తీసుకోని పో.” ప్రభుదాసు నోటు ముట్టలేదు, తలుపు దగ్గర నుంచి కదల్లేదు. ఒక్క మాట చెప్తే పోతానన్నాడు. చెప్పను, ఏం చేస్తావో చేసుకో అన్నాడు హనుమంతయ్య. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. మంచినీళ్లు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు.

ఉమామహేశ్వరమ్మ రిమోటు టీపాయ్ మీద పెట్టి వాళ్ల పక్కగా నడిచి అంగట్లోకి పోయింది. ఆ ఇంటి ఆడవాళ్లు అంగట్లోకి రారు. పెళ్లయి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆమె ఎన్నడూ ఆ అరుగు మీద నిలబడలేదు. బెల్లం దిమ్మెల మధ్యలోంచి అరుగు మీదికి వచ్చి, కొత్తగా వచ్చి కూర్చున్న బేరగాళ్లతో సహా అందరూ వినేట్టు చెప్పింది.

“ఆయప్ప మా టీవీలో ఏం తీయలే. తప్పు రిమోటుది. ఇప్పుడు నా చేత్తోనే సరిజేసినా.”

చెప్పి లోపలికి పోయింది. ప్రభుదాసు సంచి తీసుకుని బస్టాండుకు నడిచాడు. బస్సులో నంద్యాల దాకా హనుమంతయ్యను తిడుతూనే ఉన్నాడు.

దొంగ అన్న మాట పాకినంత వేగంగానే ఈ మాటా పాకింది. నెల తిరిగేసరికి ఆళ్లగడ్డ సెట్లు మళ్లీ వచ్చాయి. పంతులుగారు కూడా వచ్చి తిట్లు తిని, సెట్టు పెట్టి పోయాడు. ప్రభుదాసు ఆ కథ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, గుర్తులు, పచ్చ బటన్, హనుమంతయ్య మొహం, అన్నీ. సౌండు తగ్గించి చూసింది ఎవరో మాత్రం చెప్పేవాడు కాదు. నేనే కనిపెట్టినా అనేవాడు.

ఆరు నెలలకు గురుస్వామి ఏదో సామాను కోసం నంద్యాల వచ్చి షాపులో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి హనుమంతయ్య భార్యతో మాట్లాడటం లేదట, టీవీ తీసి అంగట్లో పెట్టుకున్నాడట. ప్రభుదాసు చేతిలోని సోల్డరింగు ఐరన్ పక్కన పెట్టాడు. తన కోసం నోరు తెరిచి ఆయమ్మ ఇంత పడుతోందా అనుకున్నాడు. ఆమె మేలు మరిచిపోనని తన మాటగా చెప్పమన్నాడు.

గురుస్వామి ఇబ్బందిగా కదిలాడు. తాను ముందే ఆ మాట ఎత్తి చూశానన్నాడు, ప్రభుదాసు కోసం ఎంత పనిచేసినావమ్మా అని అడిగానన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాడు.

“ఆయప్ప కోసం కాదు. నా కంటితో చూసినా, చెప్పినా. పొయ్యి కాడ చూసుకో పో అన్యాడే, అది నేనింగా మర్చిపోలే. మా ఆయనను ఒక్క మాట చెప్పమని గంటసేపు నిలబడ్డాడు కదా, నాకు చెప్పాల్సిన మాట యాడికి పోయిందో అడుగు.”

ప్రభుదాసుకు మొహం మీద కొట్టినట్టయింది. ఈసారి తిట్టడానికి ఎవరి తప్పూ కనిపించలేదు. నిజమే, పోయి చెప్పాలి అన్నాడు. ఆ ఆదివారం పోదామనుకున్నాడు, పోలేదు. పండగ పోయాక అనుకున్నాడు. ఎండలు తగ్గాక అనుకున్నాడు. హనుమంతయ్య అరుగు ముందు నుంచి లోపలికి ఎట్లా పోవాలా అని ఆలోచించాడు. రెండువేల తొమ్మిదిలో పలచటి టీవీలు వచ్చి, పని తగ్గి, షాపు ఎత్తేసేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు గంట ప్రయాణం. ప్రభుదాసు పోలేదు.