నాలుగార్లు ఇరవైనాలుగు

పెళ్ళి మాటలకి పన్నెండు రోజులు ఆలస్యంగా వెళ్ళినవాణ్ణి ఎక్కడన్నా చూశారా? ఇదిగో, నందిగామ బస్టాండులో మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా. నవ్వకండి, ముందు వినండి.

జగ్గయ్యపేట ఆసుపత్రిలో కరుణ అని నర్సు. మా బస్సులోనే వచ్చిపోతుండేది, అలా పరిచయం. కండక్టర్ని కదా, నాకు ప్రతి నాలుగో రోజు సెలవు. ఆవిడకి ప్రతి ఆరో రోజు. పోయిన నెల్లో ఒకరోజు ఇద్దరికీ కలిసి పడింది. ఆ రోజే ధైర్యం చేసి పెళ్ళి మాట అడిగేశా.

"మళ్ళీ ఇద్దరికీ ఒకే రోజు సెలవు పడినప్పుడు మా ఇంటికి రండి. నాన్నగారితో మాట్లాడండి" అంది. ఎన్నో రోజో లెక్క తెలుసుగా అని కూడా అడిగింది పాపం. నేను ఊరుకుంటానా! టికెట్లు కోసేవాడికే లెక్కలు చెప్తారా అన్నా.

నాలుగార్లు ఇరవైనాలుగు. అక్కడే తేల్చేశా.

పన్నెండో రోజు నాకు సెలవే. ఆవిడ డ్యూటీలో ఉంటుందిలే అనుకుని, తలంటుకుని, పప్పుచారు అన్నం తిని సాయంత్రం దాకా పడి నిద్రపోయా. కల కూడా వచ్చింది, అదీ పెళ్ళి కలే!

ఇరవైనాలుగో రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డజను అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళా. ఇంట్లో ఏ హడావుడీ లేదు. వాళ్ళ నాన్న, బళ్ళో పంతులుగారు, గుమ్మంలోనే ఆపి సంగతి చెప్పారు. పన్నెండో రోజున చెవిటికల్లు నుంచి మేనత్తా, వెంట ఆరుగురు చుట్టాలూ దిగారట. రెండు కోళ్ళు కోశారట. చీకటి పడేదాకా నాకోసం చూసి చూసి, మేనత్త తన ఎరుకలో ఇంకో సంబంధం ఉందని మొదలెట్టిందట.

పంతులుగారు కూర్చోబెట్టి పలకా బలపం ఇచ్చారు. నాలుగుకి గుణిజాలు రాయమన్నారు. నాలుగు, ఎనిమిది, పన్నెండు. ఆరుకి రాయమన్నారు. ఆరు, పన్నెండు... బలపం అక్కడే ఆగిపోయింది. రెండు అనే కారణాంకం నాలుగులోనూ ఉంది, ఆరులోనూ ఉంది, దాన్ని రెండుసార్లు ఎందుకు గుణించావయ్యా అని మెల్లగా అడిగారు.

అయినా పౌరుషం చావదుగా! "ఇరవైనాలుగు కూడా రెండిటికీ గుణిజమేగా అండీ" అన్నా.

"అవునయ్యా. ముప్పైఆరూ గుణిజమే. అప్పుడొచ్చుంటే మా అమ్మాయి పెళ్ళిభోజనం తిని వెళ్ళేవాడివి."

లోపల్నుంచి నవ్వు వినపడింది. కరుణదే. అప్పటిదాకా బయటికే రాలేదు మనిషి, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వుకి పంతులుగారూ మెత్తబడి, మా పెద్దవాళ్ళని తీసుకుని ఇంకోసారి రమ్మన్నారు. ఎప్పుడని అడగబోయి, మళ్ళీ పలక ఇస్తారేమోనని నోరు మూసుకున్నా.

బయల్దేరుతుంటే కరుణ ఓ చీటీ చేతిలో పెట్టింది. ఇదిగో, జేబులోనే ఉంది. నేను లెక్కపెట్టే పని లేకుండా తేదీ రాసిచ్చింది. సంతోషపడ్డా. బస్సెక్కాక మళ్ళీ తీసి చూసుకుంటే, కింద ఇంకో ముక్క కూడా ఉంది.

"పొద్దున పది గంటలకి. ఈ సంవత్సరమే."