పగలు చెప్పిన కథ

మా అవ్వ ఇంట్లో జొన్నలు పోసుకునే గదిలో మేము ముగ్గురం పడుకునేవాళ్ళం. నాకు పదేండ్లు, తమ్ముడికి ఆరు, చెల్లెలికి నాలుగు. అమ్మ పోయింది. నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనుల్లో కూలి చేసుకుంటూ అక్కడే ఉండేవాడు. శనివారం సాయంత్రం ఆరు మైళ్ళు నడిచి మా దగ్గరికి వచ్చేవాడు. తువ్వాల మూటలో బొరుగులు తెచ్చేవాడు. ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ వెళ్ళిపోయేవాడు.

అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, పొద్దున్నే కూలికి పోయి మాపటికి నడుము పట్టుకుని వచ్చేది. మాచేత ప్రార్థన చేయించి, బుడ్డిదీపం ఊదేసి, అటు తిరిగి గురక పెట్టేది. కాబట్టి కథలు చెప్పే కొలువు నాది. జీతం లేదు, సణుగుడు మాత్రం దండిగా ఉండేది. ఊఁ కొట్టమంటే చెల్లెలు నిద్రపోయేది. తమ్ముడు తప్పులు పట్టేవాడు.

"నిన్న రాజుకు ముగ్గురు కొడుకులంటివే, ఈ పొద్దు నలుగురు యాన్నుంచి వచ్చినారు?"

"నువ్వు నిద్రపోయినాక ఒకడు పుట్టినాడులే," అని గదమాయించేదాన్ని.

అవ్వకు ఒక పట్టింపు ఉండేది. యేసుప్రభువును ఎంత నమ్మేదో దాన్నీ అంతే నమ్మేది. పగలు కథ చెప్పకూడదు. చెబితే మనవాళ్ళు ఎవరు ప్రయాణంలో ఉంటే వాళ్ళు దారి తప్పుతారు.

ఒక శనివారం తమ్ముడికి జ్వరం వచ్చింది. అవ్వ కలుపుకు పోయింది. మిరియాల కషాయం కాచి నోటి దగ్గర పెడితే వాడు పళ్ళు బిగించాడు. కథ చెబితేనే తాగుతానన్నాడు. మిట్టమధ్యాహ్నం! కుదరదన్నాను. ఏడ్చాడు, ఏడుస్తూ వణికాడు. చివరికి తలుపు మూసి, కిటికీకి గోనెపట్ట అడ్డం పెట్టి, గుసగుసగా చెప్పాను. చీకటి చేశాను కదా, రాత్రి కిందే లెక్క అనుకున్నాను. వాడు కషాయం తాగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన రాలేదు.

తరువాతి శనివారమూ రాలేదు. మూడో వారం అవ్వ కూలి మానుకుని గనుల దగ్గరికి పోయింది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, "దూరం పనికి పోయినాడంట. యాడికో తెలీదంట," అని పొయ్యి దగ్గర కూర్చుంది. మా ముఖాలు చూడలేదు. నాకు అర్థమైపోయింది. నాయన దారి తప్పాడు, తప్పించింది నేను. అవ్వతో చెప్పడానికి భయం. తమ్ముడితో చెబితే వాడి జ్వరం వల్లే అనుకుంటాడు. ముగ్గురం ఒకే బొంతలో పడుకున్నా, ఆ రోజు నుంచి నేను ఒంటరిదాన్ని అయిపోయాను.

కథలన్నీ మార్చేశాను. ఏ రాజు వేటకు పోయినా దారి తప్పేవాడు. తప్పి తప్పి, రైలుకట్ట దాటి, రెండు బండగుండ్ల నడుమ నుంచి వచ్చి, వంకలో దిగి ఎక్కి, తుమ్మచెట్టు దగ్గర ఎడమచేతికి తిరిగేవాడు. అక్కడినుంచి మూడో ఇల్లు. తలుపుకు గడియ ఉండదు. పగటి కథ దారి తప్పించగలిగితే రాత్రి కథ దారి చూపించలేదా అని నా ఆశ. తమ్ముడి ఊఁ ఆగిపోయినా, రాజు తలుపు తట్టేదాకా నేను ఆపేదాన్ని కాదు. ఆ తరువాత ఊపిరి బిగబట్టి వినేదాన్ని. అవ్వ గురక తప్ప ఏమీ వినిపించేది కాదు.

"అన్ని కథల్లో రాజు మనూరికే వస్తాడేమక్కా?" అని తమ్ముడు ఒకసారి అడిగాడు.

"మనూరు అంత గొప్పది," అన్నాను.

మూడేండ్లు గడిచాయి. చెల్లెలికి జ్వరం వచ్చింది. పగలే కథ చెప్పమని నా కొంగు పట్టుకుంది. చెంప మీద ఒకటి కొట్టాను. అవ్వ ఆ రోజు ఇంట్లోనే ఉంది.

"జరం బిడ్డను కొడతావేమే, ఏమొచ్చింది నీకు?"

ఇక దాచలేకపోయాను. గోనెపట్టతో సహా అంతా చెప్పేశాను. అవ్వ నన్ను బయటికి తీసుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టింది. చాలాసేపు నా జుట్టు సవరిస్తూనే ఉంది.

"మీ నాయన దారి తప్పలేదు తల్లీ. ఎర్రగుంట్లలోనే ఉండాడు. ఇంకొకామెను చేసుకున్యాడు. ఆ పొద్దు నేను పోయి చూసినా. బిడ్లు నీకాడనే ఉండనీ అన్న్యాడు. మీకు ఎట్ల చెప్పేది?"

తప్పు నాది కాదని తెలిసింది. గుండె తేలిక కావాలి కదా, కాలేదు. నేను దారి తప్పించానని కుమిలిన ఆ మూడేండ్లూ, మా నాయన మా ఇల్లు వెదుక్కుంటూ ఎక్కడో తిరుగుతున్నాడన్న నమ్మకం ఒకటి నాకుండేది. అది పోయింది. ఆ పాపమే నా మీద ఉండిపోయినా బాగుండేదని ఏడ్చాను.

ఆ రాత్రి చెల్లెలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కథ చెప్పాను. రాజు వేట ముగించుకుని, గుర్రం దిగి, వాళ్ళ ఊరిలో వాళ్ళ ఇంటికి పోయి అన్నం తిన్నాడు.

తమ్ముడు ఊఁ కొట్టడం ఆపి లేచి కూర్చున్నాడు. "అక్కా, రాజు తుమ్మచెట్టు కాడ తిరగలేదే? దారి చెప్పడం మర్చిపోయినావా?"

"ఈ రాజుకు దారి తెలుసురా," అన్నాను. "పడుకో."