గాజు బిళ్ల మీద బాపు వేలు

మొన్న మా మేనకోడలు తను పనిచేసే ల్యాబు నుంచి ఫోనుకు ఒక వీడియో పంపింది. గాజు బిళ్ల మీద బతికున్న కణాలు, కంటికి ఆనని సన్నటి గాడుల వెంబడి మెల్లగా పాకుతూ పోతున్నాయి. మంచిర్యాలలో మా వంటగదిలో నిలబడి, పొయ్యి మీద పాలు పొంగేదాకా దాన్నే చూస్తుండిపోయాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇలాంటి ల్యాబు సామాను విదేశాల నుంచి రావాలంటే నెలలు పట్టేది. హైదరాబాదులో నేను కొత్తగా చేరిన ల్యాబుకు ఆ బిళ్లలు కొన్నే వచ్చాయి. మామూలు గాజు మీద దిక్కుకొకటిగా చెదిరిపోయే కణాలు, వెంట్రుక కన్నా ఎంతో సన్నగా గాడులు చెక్కిన ఆ గాజు మీద వదిలితే వాటి వెంటే సాగుతాయి. ఎందుకట్లా సాగుతాయో సూక్ష్మదర్శినిలో చూసి తెలుసుకోవడమే మా పని. కరీంనగర్ దగ్గరి మా ఊళ్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మా బాపుకు సెలవుల్లో ఈ సంగతి చెప్పి, పడుగు పోగుల్లాగా వరుసలో ఉంటాయంటే, "వాటికి తొవ్వ ఎవలు జెప్పిండ్రు బిడ్డా, నేను కండ్లార చూస్త" అన్నాడు. అంతకుముందు నా పని గురించి ఆయన ఏనాడూ ఏదీ అడగలేదు.

కణాలు వరుసకు రావడానికి ఒక రాత్రి పడుతుందని చెబితే, తెల్లారేదాకా ఆగి చూసి పోదామని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని బస్సులో వచ్చాడు. మిగిలిన ఒక్క బిళ్లను శుభ్రం చేసి పెట్టి, పక్కగదిలో వెచ్చటి పెట్టెలో పెంచుతున్న కణాలు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాపు బిళ్లను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నెమ్మదిగా తడుముతున్నాడు. పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్ల కండువానైనా అట్లా తడిమి నేత ఎలా ఉందో చెప్పే మనిషి ఆయన. "గీతలేం తగుల్తలేవు బిడ్డా, నున్నగున్నది" అన్నాడు.

వేలి జిడ్డు పడితే ఆ గాడులు పూడిపోతాయి, ఇక ఆ బిళ్ల పనికిరాదు. మా పెద్దసారు కోప్పడలేదు, మళ్లీ బిళ్లలు వచ్చేసరికి వానాకాలం దాటుతుందని మాత్రం అన్నారు. బాపుకు అర్థమైపోయింది. బస్టాండు దాకా రెండు చేతులూ చంకల్లో పెట్టుకునే నడిచాడు. కొత్తవి వచ్చాక ఎన్నిసార్లు పిలిచినా "జర పనున్నది, మల్ల వస్త" అనేవాడు గానీ రాలేదు, అట్లా అంటూ అంటూనే ఒకనాడు కాలం చేశాడు.

ఇప్పుడు మా మేనకోడలి ల్యాబులో ఒక బిళ్ల పాడైతే పెట్టెలోంచి ఇంకోటి తీస్తారట. ఆనాడు మా దగ్గర ఇంకొక్కటి ఉన్నా బాపు కండ్లారా చూసేవాడు కదా అని ఈ వయసులోనూ మనసు పీకుతూనే ఉంటుంది. ఆయన వేలిముద్ర పడ్డ ఆ బిళ్లను ఆ సాయంత్రమే చెత్తబుట్టలో వేశాం. దాచుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.